పైపు సప్పుడు

మా తమ్ముని ఎడమ కన్ను 2017 మార్చిలో పోయింది. ఎవరన్నా అడిగితే మా అమ్మ "కాంక్రీట్ల పడి పోయింది" అంటది. ఆ మాట సరి కాదు. వాడు కాంక్రీట్లో పడలేదు. కాంక్రీటే వచ్చి వాని ముఖం మీద పడింది. పైపు పగిలి పడింది. ఆ పైపు పగులుతుందని వానికి ముందు రోజే తెలుసు. తెలిసి ఊకోలేదు, చెప్పిండు. చెప్పిండు గనుకనే నేను ఇది రాస్తున్నాను. ఎవరికీ తెలియక జరిగి ఉంటే నేను కూడా దాన్ని ప్రమాదం అనే అనుకునేదాన్ని.

మాది పాలమూరు జిల్లాలో ఒక మాదిగవాడ. వాడలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు సర్కారు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తున్నాను. తమ్ముడు ఎనిమిదో తరగతి నడుమ బడి మానేసిండు. వాడు మొద్దు కాదు. ఎక్కాలు నాకంటే ముందు నేర్చినోడు. కానీ మా లెక్కల సారు వాని నోటుబుక్కును చేత్తో ముట్టేవాడు కాదు. బెత్తంతో పేజీ తిప్పి, బెత్తంతో తప్పు చూపించి, అదే బెత్తంతో వీపు మీద దిద్దేవాడు. నేనూ ఆ బెత్తం కిందనే చదువుకున్నాను. నేనెట్ల తట్టుకున్నానో నాకే తెలియదు. వాడు తట్టుకోలేదు. ఒకనాడు బుక్కుల సంచి అమ్మ ముందర పడేసి "అక్కను సదివియ్యి, నేను నీతోని వస్త" అన్నాడు. అమ్మతోని పోవుడంటే పట్నం పోవుడు. పట్నమంటే స్లాబులు.

పాలమూరు లేబర్ అనే మాట మీరు వినే ఉంటారు. మనుషుల పేరు లాగా వాడరు దాన్ని, సరుకు పేరు లాగా వాడతారు. సిమెంటు, ఇసుక, కంకర, పాలమూరు లేబర్. 1955లో పునాది వేసి 1967లో కాలువలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ కట్టను రాయి మీద రాయి పేర్చి కట్టిండ్రు. మా తాత అక్కడ మాలు నెత్తిన మోసిండు. ఆ కాలువల నీళ్లు మా ఊరికి రాలేదు, అది వేరే కథ. మా అమ్మది హైదరాబాదు స్లాబుల తరం. కింద మిల్లరు తిరుగుతుంటే మెట్ల పొడుగూ మనుషులు నిలబడి తట్ట మీద తట్ట అందిస్తరు. వరుసలో ఎక్కువ ఆడవాళ్లే. స్లాబు మొదలైతే నడుమ ఆపరాదు, అతుకు పడుతుంది. అందుకని చంటిపిల్ల ఏడ్చినా, వాన పడ్డా, ఎవరికన్నా కళ్లు తిరిగినా తట్ట ఆగొద్దు. మా అమ్మ నడినెత్తి మీద వెంట్రుకలు ఆ తట్ట కింద ఊడిపోయినవి. మళ్లీ మొలవలేదు.

తమ్ముడు రెండు మూడేండ్లు అమ్మతో పాటు తట్ట మోసిండు. తర్వాత ఆ సైట్లకు పంపు బండ్లు వచ్చినవి. లారీ మీద మడిచిపెట్టిన పెద్ద ఇనుప చెయ్యి. విప్పితే పది అంతస్తుల మీదికి పోతది. ఆ చేతి పొడుగూ పైపు. వెనుక ఉన్న తొట్టిలో మిక్సరు లారీ కాంక్రీటు పోస్తే, లోపల రెండు పిస్టన్లు ఒకటి గుంజుతుంటే ఒకటి నూకుతది. పైపు చివర రబ్బరు హోసు వేలాడుతది. దాన్ని పట్టుకొని కావలసిన కాడ పోయించడం మా తమ్ముని పని. నలభై మంది దినమంతా మోసే మాలును ఆ బండి కొన్ని గంటల్లో పోస్తది. బండి వచ్చిన రోజు మేస్త్రీ మగవాళ్లలో ఆరుగురిని ఉంచుకున్నాడు. ఆడవాళ్లను ఒక్కరినీ ఉంచుకోలేదు. మా అమ్మ మెడనొప్పి ఆ బండితోనే తగ్గింది, కూలి కూడా ఆ బండితోనే పోయింది. యంత్రం మంచిదా చెడ్డదా అని మీటింగుల్లో వాదించుకునేవాళ్లను చూస్తే నాకు మా అమ్మ మెడ గుర్తొస్తది.

సైటులో కులం ఉండదని కొందరంటరు. వచ్చి చూడాలె. రిమోటు నడుముకు కట్టుకొని దూరంగా నిలబడేది ఆపరేటరు. పైపులు మోసేదీ, క్లాంపులు బిగించేదీ, పని అయినంక తొట్టిలోకి దిగి గడ్డకట్టిన మాలు గీకేదీ మా వాడోళ్లు, తండాల లంబాడోళ్లు, ఇప్పుడు ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చే పిల్లలు. తొట్టిలోకి ఎవరు దిగాల్నన్నప్పుడు మేస్త్రీ మా తమ్మునివైపే చూసేటోడట. "మీకు అలవాటే గదా" అనేటోడట. ఏం అలవాటు? చచ్చిన గొడ్డును గీకే అలవాటు అని ఆయన లెక్క.

2015 దసరాకు ఇంటికి వచ్చినప్పుడు వాడు సంచిలో ఒక ఇనుప కడియం తెచ్చిండు. తీసేసిన పైపు నుంచి కోసిన ముక్క అది. చిన్న గిన్నె మూతంత గుండ్రన, రెండు వేళ్ల మందం వెడల్పు. "అక్కా, నీ బడిల సామాన్లుంటయి గద, కొలిచి చూడు" అన్నాడు. అప్పుడు నేను ఒక ప్రైవేటు బడిలో చెప్తున్నాను. సెలవులు అయినంక స్క్రూగేజితో కొలిచిన. ఒక పక్క 4.3 మిల్లీమీటర్లు. దాని ఎదురుపక్క 1.2. ఒకటే పైపు, ఒకటే కడియం. బయట చూస్తే ఏ తేడా లేదు, రంగు గూడ పోలేదు.

ఆ సంగతి వాడు నాకు చెప్పిన తీరు ఇప్పటికీ యాదికుంది. అరుగు మీద కూర్చొని, మట్టిలో పుల్లతో గీసి చెప్పిండు. పైపులో నీళ్లు పోవుడు వేరు, కాంక్రీటు పోవుడు వేరు. కాంక్రీటు గట్టి ముద్ద లాగా జరుగుతది. గోడ పొంటి సిమెంటు పాలు పలుచని పొర లాగా ఉండి దాన్ని జారనిస్తది. అందుకే పొద్దున మొదలుపెట్టేటప్పుడు ముందుగాల సిమెంటు పాలు వదలాలె, లేకుంటే పైపు ఎండిపోయి మాలు పట్టేస్తది. ఆ పొర ఉన్నా సరే, ఇసుకా కంకరా గోడను గీకుతనే ఉంటయి. పడుకోబెట్టిన పైపుకు అడుగుపక్క ఎక్కువ అరుగుతది. బెండుకైతే బయటి వంపు అన్నిటికంటే ముందు అరుగుతది. సక్కగ పోతున్న రాళ్లు వంపు కాడ తిరగలేక గోడకు కొట్టుకుంటయి గదా. నేను జడత్వం అని బోర్డు మీద రాసి చెప్పే పాఠాన్ని వాడు "రాయికి తిరుగుడు ఇష్టముండదక్కా" అని చెప్పిండు. ఇప్పుడు నేను క్లాసులో వాని మాటే వాడుతున్నాను. ఏటి ఇసుక తగ్గి రాయి దంచిన ఇసుక వచ్చినంక పైపులు తొందరగా పోతున్నయని కూడా చెప్పిండు. ఏటి ఇసుక నీళ్లలో దొర్లి నున్నగైతది. మిషను ఇసుక గింజకు కోరలుంటయి.

"మరి లోపల ఎంత అరిగిందో నీకెట్ల తెలుస్తది?" అని అడిగిన.

"సప్పుడు" అన్నాడు.

మా నాయిన డప్పు కొట్టేవాడు. కొట్టడమే కాదు, కట్టేవాడు. తోలు నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి, వెలుతురుకు పట్టి చూసేవాడు. బొటనవేలుతో అంగుళం అంగుళం నొక్కేవాడు. పల్చనైన కాడ గురుతు పెట్టుకునేవాడు. చలిమంట మీద కాపి, సిర్ర తీసి మెల్లగా నాలుగు చోట్ల కొట్టి వినేవాడు. "ఈడ పలుకుతలేదు, ఈడ పగుల్తది" అనేవాడు. ఆ మాట ఎప్పుడూ తప్పు కాలేదు. ఊరి పెత్తందార్లు ఆ డప్పును చావుకు, జాతరకు, దండోరాకు పిలిచిండ్రు గానీ, ఆ చెవిలో ఎంత చదువుందో ఎవరికి పట్టింది? తమ్ముడు చిన్నప్పటి నుంచి ఆ మంట పక్కన కూర్చున్నోడు. పైపు కాడ వాడు సిర్రకు బదులు చిన్న సుత్తె పట్టుకున్నాడు, అంతే. గట్టి పైపు గంట లాగా పలుకుతది. అరిగినది రేకుడబ్బ సప్పుడు చేస్తది. మాలు ఎక్కడ పట్టేసిందో కూడా సప్పుడుతోనే పట్టేటోడు. ఇరుక్కున్న కాడ మూగగా ఉంటది. కానీ ఒక నియమం పెట్టుకున్నాడు. ప్రెషర్ ఉన్నప్పుడు సుత్తె తాకించొద్దు. పంపు రివర్స్ కొట్టి ప్రెషర్ దించినంకనే పైపు దగ్గరికి పోవాలె. క్లాంపు విప్పాలన్నా అంతే.

ప్రెషర్ అంటే ఎంత? ఆ పైపుల లోపలి వెడల్పు 125 మిల్లీమీటర్లు. బండి పైపులకు 85 బార్ల దాకా లెక్క కడతారు. అంటే చదరపు సెంటీమీటరుకు 85 కిలోలకు పైన బరువు పెట్టినట్టు. పైపు నోటి మొత్తం మీద లెక్కేస్తే పది టన్నులు దాటుతుంది. ఇంకో లెక్క కూడా ఉంది. గోడ మందం మూడో వంతుకు తగ్గితే గోడలోని లోహం మీద పడే లాగుడు మూడింతలవుతుంది. 4.5 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు సునాయాసంగా ఆపిన ఇనుము, 1.5కు వచ్చేసరికి తన తాహతు చివరికి వస్తుంది. 1.2 అంటే ఏమిటో ఆ రాత్రి కాగితం మీద లెక్కేసి నేను కాగితం మడిచి పెట్టిన. వానికి చెప్పలేదు. చెప్తే పని మానుతడా? మానితే నా ఫీజు ఎవరు కడతరు? ఈ ప్రశ్న నా మనసులో ఆనాడే వచ్చింది. రాలేదని రాస్తే అబద్ధం.

పైపుల్లో కూడా జాతులున్నయి. మంచి పైపుకు రెండు పొరలుంటయి. లోపలి పొర బాగా గట్టి చేసిన ఉక్కు, అరగకుండా. బయటి పొర మెత్తన, దెబ్బ తగిలినా పగలకుండా. ఇట్లాంటిది ఎక్కువ రోజులు వస్తది, ఖరీదు కూడా ఎక్కువ. దాని కింద ఒంటి పొర పైపు, అది కూడా సరైన ఉక్కుతో చేస్తే పనికొస్తది. అన్నిటికంటే కింద, మామూలు నీళ్ల పైపు కోసి రెండు దిక్కులా కాలరు వెల్డింగు చేసి, కొత్త రంగు కొట్టి అమ్మేది. పైకి మూడూ ఒకటే తీరు. సుత్తె కొడితే గానీ గోత్రం తెలవదు అని తమ్ముడు నవ్వేటోడు. వాడు చూసిన సైట్లలో కొత్త పైపు కొంటే పంపు దగ్గర, తొట్టి తర్వాత వచ్చే బెండ్లకు వేసేవాళ్లు. అక్కడ ప్రెషర్ ఎక్కువ, బండి పక్కన ఆపరేటరు, సూపర్వైజరు తిరుగుతరు. అక్కడ తీసిన పాతవి చివరి చేతికి పోయేవి, ప్రెషర్ తక్కువని. చివరి చేతి కింద ఎవరుంటరు? హోసు పట్టినోడు. ఇంజనీరు లెక్కలో దాంట్లో తప్పు లేదు. కానీ ఆ లెక్క మాలు సాఫీగా పోతున్నప్పటి లెక్క. చివరన పట్టేసిందంటే, పట్టేసిన కాడి దాకా పైపంతా పంపు ప్రెషరే ఉంటది.

అరుగుడు అన్ని దిక్కులా సమానంగా కావాలంటే పైపులను అప్పుడప్పుడు క్లాంపులు విప్పి తిప్పి పెట్టాలె. ఏ బెండు ఎన్నడు వేసిండ్రు, ఎన్ని క్యూబిక్ మీటర్లు పోయింది అని బుక్కులో రాసుకోవాలె. గోడ మందం చూపించే చిన్న మిషను ఉంటది, పైపు కొయ్యకుండానే బయటినుంచి పెట్టి చూస్తే చాలు. ఇవేవీ పెద్ద రహస్యాలు కావు. పంపు తయారుచేసేవాళ్లే చెప్తరు. వాళ్లు ఉన్న సైటులో మాత్రం అరిగిన బెండు మీద రేకు ముక్క పెట్టి వెల్డింగు కొట్టేవాళ్లు. గట్టి చేసిన ఉక్కు మీద వెల్డింగు పెడితే ఆ వేడికి గట్టితనం పోతది, అతుకు అంచున పగుళ్లు పడుతయి. అతుకు కూడా కారితే గోనెసంచి చుట్టి కట్టుతీగ బిగించేవాళ్లు. కారుతున్న కాడ నుంచి సిమెంటు పాలు పోతే లోపల ఉత్త రాళ్లు మిగిలి మాలు పట్టేస్తది. ఒక తప్పు ఇంకో తప్పును పిలుస్తది.

సైటు ఎక్కడో ఎవరిదో రాయను. పట్నం పడమటి దిక్కు, టవర్లు లేచే చోట. ముందు రోజు సాయంత్రం పైపులు కడిగినంక తమ్ముడు చివరి చేతి మీది బెండును సుత్తెతో కొట్టి విన్నాడు. అది అతుకు వేసిన బెండే. ఆపరేటరును పిలిచి వినిపించిండు. ఆపరేటరు బీహారు పిలగాడు, మంచోడు. వాడు పోయి సూపర్వైజరుకు చెప్పిండు. "రేపటి స్లాబు కానియ్యిండ్రి, మారుస్తం" అని జవాబు వచ్చింది.

తెల్లారి పదకొండు దాకా పని నడిచింది. మిక్సరు లారీ ఒకటి ట్రాఫిక్‌లో ఇరికి ఆలస్యంగా వచ్చింది. మాలు బిగిసిపోయి ఉంది. హోసు నుంచి వచ్చేది తగ్గి తగ్గి ఆగింది. ఆపరేటరు రెండుసార్లు రివర్స్ కొట్టిండు. "లారీ నిలబడ్డది, కొట్టు, కొట్టు" అని వెనుక నుంచి కేకలు. ముందుకు కొట్టిండు. తమ్ముడు హోసు వదిలి పక్కకు జరిగే లోపల అతుకు లేచిపోయింది. ఒక కంకర రాయి ఎడమ కంట్లో కొట్టింది. మిగతా ముఖమంతా సిమెంటు. తడి సిమెంటులో సున్నం గుణం ఉంటది, కంటిని కాల్చుతది. మంచినీళ్లతో వెంటనే చాలాసేపు కడగాలె. అక్కడ ఉన్నది స్లాబు తడిపే డ్రమ్ము, అందులో ఏం నీళ్లో దేవునికే తెలియాలె. దాంతోనే కడిగి ఆటోలో వేసిండ్రు. కుడి కన్ను దక్కింది.

పని మాత్రం ఆగలేదు. స్లాబు నడుమ ఆపరాదు గదా. మూడు గంటల్లో కొత్త బెండు తెచ్చి వేసిండ్రు. అంటే కొత్త బెండు దొరుకుతది. అదీ మూడు గంటల్లో. దాని ఖరీదు మా తమ్ముని నెల జీతం కంటే తక్కువ.

వారం తర్వాత నేను ఆ సైటుకు పోయిన. నన్ను చూసి సూపర్వైజరు ముందు లేచి కుర్చీ వేసిండు. పేరు, ఎవరి తాలూకో చెప్పినంక ఆయన కూర్చున్నాడు, నేను నిలబడే ఉన్న. రిజిష్టరు అడిగితే చూపించిండు. "బెండు పగిలినది. కొత్తది వేయడమైనది. పని 3 గంటలు ఆగినది." పక్కన బెండు సైజు కూడా రాసి ఉంది. మనిషి గురించి ఒక్క ముక్క లేదు. కూలీల రిజిష్టరులో వాని పేరే లేదు. మేస్త్రీ కింద మనిషి, మాకు సంబంధం లేదన్నాడు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టం అప్పుడు అమల్లో ఉంది. కట్టుబడి ఖర్చులో ఒక శాతం సెస్సు తీసి సంక్షేమ బోర్డుకు జమ చేయాలె, పేరు నమోదైన కూలికి దాంట్లో నుంచి సాయం రావాలె. పేరు నమోదు కానోనికి ఏం రావాలె? (ఆ చట్టం కూడా 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్లలో కలిసిపోయింది.) పగిలిన బెండన్నా ఇయ్యండి, మందం కొలిపిస్త అన్న. అప్పటికే తుక్కుకు వేసిండ్రు.

మేస్త్రీ చేతుల మీదుగా 40,000 రూపాయలు వచ్చినవి. అందులో నుంచి తమ్ముడు నా టీచర్ పరీక్ష కోచింగు బాకీ 8,000 కట్టిండు. నేను వద్దనలేదు. వద్దన్నానని అమ్మతో చెప్పుకున్న రోజులు ఉన్నయి. లేదు, వద్దనలేదు. ఆ ఏడు నోటిఫికేషన్ వచ్చింది, 2019లో ఉద్యోగం వచ్చింది. మొదటి నెల జీతంతో వానికి రాతికన్ను పెట్టించిన. వాడు దాన్ని పండుగలకే పెట్టుకుంటడు, దురద అంటడు.

వాడు ఇప్పుడు ఊర్లోనే మేకలు కాస్తడు, నాయిన డప్పు కొడతడు. ఒంటి కన్ను మనిషిని పైపుల కాడ ఎవరూ తీసుకోలేదు. కానీ మా వాడ నుంచి పంపు పనికి పోయే ప్రతి పిల్లగాడూ ముందుగాల మా అరుగు మీదికి వస్తడు. వాడు రెండు పాత పైపు ముక్కలు వేలాడదీసి, వాళ్ల కళ్లు మూయించి, సుత్తెతో కొట్టి ఏది పల్సదో చెప్పమంటడు. ఆ కడియం మాత్రం నా బడిలో ల్యాబులో ఉంది. పదో తరగతి పిల్లలు స్క్రూగేజి దాని మీదనే నేర్చుకుంటరు. స్క్రూగేజితో మామూలుగా సన్న తీగ మందం కొలిపిస్తరు. నేను దీన్ని కొలిపిస్తున్న.

పోయిన ఎండాకాలం పదో తరగతి పాసయి కూడా కాలేజీలో చేరని పిల్లగాడు ఒకడు ఉన్నాడు. ఫీజు కడత, పో అన్న. ఇంట్లో అప్పుందన్నాడు, పట్నం పోయిండు, పంపు బండి కాడ చేరిండు. నెల కింద రాత్రి ఫోను చేసిండు.

"టీచరమ్మా, మామ చెప్పినట్టే కొట్టి విన్న. చివరి బెండు రేకుడబ్బ లెక్క పలుకుతుంది."

"చెప్పినవారా?"

"చెప్పిన. సారుకే చెప్పిన."

"ఏమన్నడు?"

"రేపు స్లాబున్నదట. అయినంక మారుస్తరట."

రాత్రి తొమ్మిదిన్నర అయింది. తమ్ముని లేపి ఫోను వాని చేతికిచ్చిన. వాడు చాలాసేపు విన్నాడు. తర్వాత "నువ్వు పొద్దుగాల హోసు పట్టకు. కడుపునొస్తుందని చెప్పి పండుకో" అన్నాడు.

అటునుంచి పిల్లగాడు అడిగింది నాక్కూడా వినపడ్డది. "మరి నా బదులు ఎవరు పడతరు మామా?"